పిల్లనెత్తుకెళ్ళే నర్సమ్మ

ఆ రోజుల్లో నా భయాలన్నీ ఫోన్లోనే వచ్చేవి. పొద్దున్నే గులాబీ పువ్వు మీద 'శుభోదయం' అని రాసిన బొమ్మ ఒకటి, దాని వెనకే 'విదేశాల్లో ఉన్న మన ఆడబిడ్డలు తప్పక చూడవలసిన వీడియో' అని ఇంకొకటి. రెండూ పంపేది ఒక్కరే, మా వార్తల చిన్నాన్న. తిరువూరు బస్టాండుకి దగ్గర్లో పంక్చర్లు వేసే కొట్టు ఆయనది. గాలి పోయిన బండిని ఎవరైనా తోసుకుంటూ వచ్చేదాకా ఆయనకి ఫోను చూడడమే పని. ఆయన విజయవాడ దాటి వెళ్ళింది తక్కువ (హైదరాబాదు వెళ్ళారు గానీ, అది కంటి ఆపరేషనుకి కాబట్టి ఊరేమీ చూడలేదంటారు). కానీ ఏ దేశం వాళ్ళు ఎలాంటివాళ్ళో మాత్రం అడిగిన వెంటనే ఒక్క ముక్కలో తేల్చేసేవారు. "జపానోళ్ళు నిద్రపోరమ్మా. రష్యావోళ్ళు నవ్వరు. ఇంగ్లీషోళ్ళు ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళు కూడా ఇయ్యరు." మా పెళ్ళయిన కొత్తలో మా ఆయనకి డెన్మార్క్‌లో ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు మాత్రం ఆయన ఒక పూట ఆగారు. ఆ దేశం గురించి ఆయన దగ్గర ఏ ముక్కా సిద్ధంగా లేదు. సాయంత్రానికల్లా కొట్టు కట్టేసి మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి, "అక్కడ పిల్లల్ని ప్రభుత్వం తీసేసుకుంటదంట అన్నయ్యా" అన్నారు. అప్పటికి నాకింకా పిల్లలు లేరు. అయినా నాకు తెలియకుండానే చెయ్యి పొట్ట మీదికి పోయింది.

మా నాన్నది లారీ. మామిడి సీజనులో తోటల దగ్గర సరుకెత్తి ఎక్కడెక్కడికో తోలిన మనిషి కాబట్టి ఆయనకు దూరాలంటే భయం లేదు. "తీసుకుని ఏం చేసుకుంటదిరా ప్రభుత్వం? కన్నోళ్ళమే సాకలేక చస్తుంటే" అని కొట్టిపారేశారు. కానీ చిన్నాన్న అంతటితో ఊరుకునే రకం కాదు. పిల్ల ఏడిస్తే తీసుకుపోతారంట, చేత్తో అన్నం పెడితే తీసుకుపోతారంట, పక్కలో పడుకోబెట్టుకుంటే తీసుకుపోతారంట, ఒంటి మీద మచ్చ కనబడిందా, ఇక చెప్పేదేముంది! "అరిచి గోల చేసి లాక్కుపోతారనుకుంటున్నారేమో, అదేం ఉండదు. నవ్వుతా వస్తారంట, నవ్వుతా ఎత్తుకుపోతారంట" అన్నారు. అక్కడి వాళ్ళు పసిపిల్లల్ని చలికాలంలో ఆరుబయట పడుకోబెడతారని కూడా ఆయనే చెప్పారు. అది విని మా నానమ్మ ఆకు నమలడం ఆపేసింది. "చలిలోనా? కన్నోళ్ళేనంట్రా వాళ్ళు?" అంది. "దొరలు కదమ్మా, వాళ్ళకి మనకున్నట్టు ప్రేమలుండవు" అని చిన్నాన్న తీర్పు చెప్పేశారు. ఆ బయట పడుకోబెట్టే కథ ఒక్కటి మాత్రం నేను నమ్మలేదు. విజయవాడ హాస్టల్లో ఉండి బీయస్సీ చదివినదాన్ని, ఫోన్లో వచ్చిందల్లా నమ్మకూడదని నాకు తెలుసు. ఆ మాటే పైకి అంటే చిన్నాన్న నొచ్చుకుంటారని ఊరుకున్నాను.

మేము దిగింది సముద్రం పక్కన ఒక చిన్న ఊరు. సముద్రంలో, ఒడ్డున, పొలాల్లో ఎక్కడ చూసినా గాలిమరలు. వాటి పనే మా ఆయనది. వెళ్ళిన కొద్ది రోజులకే ఒక మధ్యాహ్నం ఇద్దరం సరుకులు కొనడానికి బయటికి వెళ్ళాం. చెవులు తెగిపోతాయేమో అన్నంత చలి. ఒక కాఫీ కొట్టు ముందు పిల్లల బండ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఖాళీ బండ్లేమో అనుకుని దగ్గరికెళ్ళి తొంగి చూస్తే గుండె ఆగినంత పనైంది. లోపల పసిబిడ్డ! మెత్తటి దుప్పట్లో నుంచి ముఖం మాత్రం బయటికి పెట్టి, చిన్నరసం మామిడిపండులాంటి బుగ్గలతో హాయిగా నిద్రపోతోంది. పక్క బండిలో ఇంకో బిడ్డ. అద్దం అవతల, లోపల వెచ్చగా, వాళ్ళ అమ్మలు కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను అక్కడే నిలబడిపోయాను. మా ఆయన "రా, అలా చూడకూడదు" అని చెయ్యి పట్టి లాగుతున్నారు. నాకు మాత్రం చిన్నాన్న గొంతే వినబడుతోంది. నేను నమ్మనన్న ఒక్క విషయమే నిజమైందంటే, సగం నమ్మిన మిగతావన్నీ ఇక చెప్పేదేముంది, అచ్చంగా నిజాలే. అంతవరకు నేను చదువుకున్న సైన్సు ఆ కాఫీ కొట్టు ముందే గడ్డకట్టుకుపోయింది. 

మరుసటి ఏడు చలికాలంలో మాకు పాప పుట్టింది. తొలి కాన్పుకి పుట్టింటికి రావాలన్నది ఒక ముచ్చట, కానీ డాక్టరు విమాన ప్రయాణం వద్దన్నారు. అమ్మే రావాలనుకుంది, వీసా రాలేదు. (అమ్మ ఆ ఇంటర్వ్యూకి పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. అందుకే ఇవ్వలేదని నానమ్మ ఇప్పటికీ అంటుంది, బాగా ఉన్నవాళ్ళనుకుని అసూయపడ్డారట.) దాంతో నా బాలింత వైభోగమంతా ఫోన్లోనే జరిగింది. పొద్దున మా ఆయన ఫోనుని స్నానాల గదిలో టిష్యూ చుట్టల మీద ఆనించి పెట్టేవారు. అటువైపు తిరువూరులో అమ్మ, నానమ్మ, వాళ్ళ భుజాల మీదుగా ఎవరు వస్తే వాళ్ళ తలలు. నేను నేల మీద కాళ్ళు బారచాపుకుని, కాళ్ళ మీద పాపను పడుకోబెట్టుకుని, నూనె రాసి, సెనగపిండితో నలిచి నీళ్ళు పోయాలి. మనవైపు ఈ పని చేసేది అనుభవమున్న పెద్దవాళ్ళు. బాలింత చేసే పని కాదు. నాకు ఆ కాళ్ళ మీద జారే బిడ్డను చూస్తుంటేనే ప్రాణం పోయేది.

"బిస్మిల్లా అని మొదలెట్టు. ముక్కు సాగదియ్యి. ఊఁ, అట్టా కాదే, అదేమన్నా గోడలో దిగిన మేకా? మెత్తగా!" అని నానమ్మ అరిచేది.

"ఏడుస్తోంది నానమ్మా."

"ఏడవకపోతే భయపడాల. గట్టిగా ఏడిస్తే ఊపిరితిత్తులు విచ్చుకుంటయ్యి. పోయ్ నీళ్ళు!"

పాపకి ఊపిరితిత్తులు ఎంత బాగా విచ్చుకునేవంటే, ఆ అరుపులు మెట్లు దిగి వీధిలోకి వెళ్ళేవి. నేను ఒక చేత్తో నీళ్ళు పోస్తూ ఒక చెవి వీధి తలుపు దగ్గర పెట్టేదాన్ని. ఎక్కడో అంబులెన్సు కూత వినబడితే చాలు, పాపకి ఒళ్ళయినా తుడవకుండా గుండెలకి హత్తుకునేదాన్ని. దానికితోడు పుట్టినప్పటి నుంచి పాప నడుము కింద అరచేయంత నీలం మచ్చ. అది పుట్టుమచ్చేనని, నాకూ ఉండేదని, పెద్దయ్యాక పోయిందని అమ్మ చెప్పింది. నాకు తెలుసు, అమ్మకు తెలుసు. డెన్మార్క్ ప్రభుత్వానికి ఎవరు చెబుతారు?

అలాంటి రోజుల్లో ఫలానా రోజు పొద్దున ఆరోగ్య నర్సు పాపను చూడడానికి ఇంటికి వస్తుందని కబురు వచ్చింది. "అందరిళ్ళకీ వస్తారు, బరువు చూసి వెళ్తారు, అంతే" అన్నారు మా ఆయన. నేను ఆ మాట ఇంటికి చెప్పడమే పొరపాటు. ఐదు నిమిషాల్లో వార్తల చిన్నాన్న తిరువూరులో మా ఇంట్లో ఫోను ముందున్నారు, చేతికి పంక్చరు బంక ఇంకా ఆరలేదు.

"చూశావా అన్నయ్యా, నేను చెప్పలా? వచ్చేస్తందంట!"

"నువ్వాగరా" అన్నారు నాన్న, కానీ ఆ గొంతులో ఎప్పుడూ ఉండే ధీమా లేదు.

"ఆగితే అయిద్దా? అమ్మాయ్, నే చెప్పేది విను. ఆమె వచ్చేసరికి మీ ఇంట్లో మన వాసన రాకూడదు. అంతా వాళ్ళ ఇల్లులాగే ఉండాల. మన పిల్లను వాళ్ళ పిల్లలాగే పెంచుతున్నామని అనిపించాల. అప్పుడింక వంక పెట్టడానికేం ఉండదు."

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు ఆ సలహా నాకు ఊపిరి పోసినట్టయింది. చేయడానికి ఒక పని దొరికింది కదా! ఇక తిరువూరు నుంచి ఆదేశాలు మొదలయ్యాయి. అక్కడున్న వాళ్ళలో ఒక్కరు కూడా డెన్మార్క్ ఇల్లు చూడలేదు, కానీ అది ఎలా ఉండాలో అందరికీ తెలుసు. హీటరు మీద ఆరేసిన గోచీగుడ్డలు తీసేశాను. అమ్మ పాత చీరలతో కుట్టి పంపిన బొంతలు బీరువాలో కుక్కాను. సాంబ్రాణి కప్పులు, కాటుక డబ్బా, ఆముదం సీసా, వాము పొట్లం అన్నీ సూట్‌కేసులో పెట్టి తాళం వేశాను. పాప మెడలో తాయెత్తు, మొలకు కట్టిన నల్లతాడు కూడా విప్పేశాను. (నానమ్మకి చెప్పలేదు. చెబితే ముందు ఆమే నా దగ్గర నుంచి పిల్లను తీసేసుకునేది.) తిరువూరులో మా ఎదురింటి టీచరమ్మగారు, పాపకి ఏమీ కాకుండా ఉంటే పక్కనున్న నెమలి ఊరికి వెళ్ళి అక్కడి వేణుగోపాలస్వామికి పాలు పోయిస్తానని మొక్కుకున్నానని కబురు పంపారు. వంటింట్లో ముందురోజు నుంచి పోపు లేదు. ఉడికించిన బంగాళాదుంపలు తిన్నాం. నైటీ తీసేసి, కాన్పుకి ముందు కొనుక్కున్న జీన్స్ వేసుకున్నాను. బొత్తాం పట్టలేదు, పైన పొడవాటి స్వెట్టరుతో కప్పేశాను. కూర్చుంటే ఊపిరి ఆడదు, నిలబడితే జారిపోతుంది.

అసలైన ఆలోచన మాత్రం నాదే. చిన్నాన్న మీద నెట్టడానికి లేదు. ఆ పొద్దున ఆమె వచ్చే వేళకి పాపకి ఉన్న బట్టలన్నీ తొడిగి, ఒకదాని మీద ఒకటి, చేతులు పక్కకి చాచి దిష్టిబొమ్మలా అయిపోయేదాకా తొడిగి, బండిలో పడుకోబెట్టి, బాల్కనీలో పెట్టి గాజుతలుపు వేశాను. వాళ్ళ పిల్లలాగే పెంచుతున్నామని అనిపించాలి కదా! మా ఆయన నన్ను వింతగా చూసి, "అవసరమా ఇది?" అన్నారు. "మీకేం తెలియదు, ఊరుకోండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

కిటికీలోంచి చూస్తే ఆమె సైకిలు మీద వస్తోంది. ఆరడుగుల మనిషి, నెత్తిన హెల్మెట్, చలికి ఎర్రబడిన ముక్కు, వీపున పెద్ద సంచి. (తర్వాత ఈ సంగతి విన్న నానమ్మ, "అంత దేశంలో నర్సమ్మకి స్కూటీ కూడా కొనియ్యలా?" అని చాలాసేపు బాధపడింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఆమె పేరు సైకిలు నర్సమ్మ.) నాకు మాత్రం ఆ సంచి తప్ప ఇంకేమీ కనబడలేదు. పసిబిడ్డ పట్టేంత సంచి. తలుపు తీయగానే ఆమె నవ్వింది. నవ్వుతూ వస్తారంట.

బూట్లు విప్పి లోపలికి వచ్చి, కూర్చుని, చుట్టూ చూసింది. టీ ఇవ్వాలా వద్దా అని మేము ముందురోజంతా చర్చించుకున్నాం. ఇస్తే లంచమనుకుంటారేమో అన్నారు చిన్నాన్న. వాళ్ళు పరాయి ఇళ్ళలో ఏమీ ముట్టరన్నది కూడా ఆయన పరిశోధనే. కాబట్టి ఇవ్వలేదు. ఆమె ఎదురుగా సోఫా అంచున, జీన్స్ బిగుసుకుని, నిటారుగా కూర్చున్నాను.

"పాప ఎక్కడ?" అంది ఇంగ్లీషులో, మెల్లగా.

"బయట పడుకుంది" అన్నాను, రోజూ అలాగే అన్నట్టు.

ఆమె బాల్కనీ వైపు చూసింది. అద్దాల అవతల సన్నటి జల్లు ఏటవాలుగా కొడుతోంది. గాలికి బండి మీది గుడ్డ టపటపా కొట్టుకుంటోంది. నేను నవ్వడానికి ప్రయత్నించాను. ఆమె నవ్వలేదు.

"ఇలాంటి గాలీ వానలో మేము కూడా పెట్టం" అంది. "తెచ్చుకుందామా?"

తెచ్చుకున్నాం. పాపను తూకం వెయ్యాలంది. బట్టలు విప్పాలి. ఉల్లిపాయ పొరలు ఒలుస్తున్నట్టు ఒకటి విప్పితే ఇంకొకటి. ఆమె ఓపికగా ఒక్కొక్కటీ మడతపెట్టి పక్కన పెడుతుంటే ఆ కుప్ప పాప కంటే పెద్దదయింది. చివరికి పాప చెమటతో ఎర్రగా బయటపడింది. పాదం కింద, నేను తుడవడం మరిచిపోయిన దిష్టిచుక్క!

"ఇదేమిటి?"

"పెన్ను" అన్నాను.

నెలల పిల్ల పాదం కింద పెన్నుతో పనేమిటని ఆమె అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. పాపను బోర్లా తిప్పింది. నీలం మచ్చ. "అది పుట్టుమచ్చ, దెబ్బ కాదు, మా అమ్మను అడగండి, నాకూ ఉండేది, ఇప్పుడు లేదు, కావాలంటే చూడండి" అని ఒకే ఊపిరిలో అనేశాను. (చూడండి అని ఎందుకన్నానో, ఏం చూపిద్దామనుకున్నానో నాకు తెలియదు.) ఆమె మచ్చ మీద వేలితో మెత్తగా రాసి, "తెలుసు. ఆసియా, ఆఫ్రికా పిల్లల్లో మామూలే, మెల్లగా పోతుంది" అని పాపను తిప్పేసింది. మచ్చ గండం గడిచింది. కానీ ఆమె కళ్ళు పాప మీద లేవు. నా మీద ఉన్నాయి. నా మీద, ఉడికించిన దుంపల గిన్నె మీద, ఒక్క బొమ్మగాని గుడ్డగాని లేని ఆ ఇంటి మీద.

"నువ్వు పాపను రోజూ ఎత్తుకుంటావా?" అంది.

ఇది పరీక్షలో మెలిక ప్రశ్న అనుకున్నాను. ఎక్కువ ఎత్తుకుంటే తప్పని కదా వీడియోలో చెప్పింది! "ఎక్కువగా ఎత్తుకోను" అన్నాను గర్వంగా. "తనకి వేరే గది ఉంది."

ఆమె పాపకి ఒక జత బట్టలు తొడిగి నా ఒడిలో పెట్టింది. లేచి, సంచి సర్దుకుని, గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని, "ఎల్లుండి మళ్ళీ వస్తాను" అంది. మామూలుగా అంత త్వరగా రారని మా ఆయన మొహం చూస్తేనే తెలిసింది.

ఆ రెండు రోజులు నేనేం తిన్నానో, పడుకున్నానో లేదో నాకు గుర్తు లేదు. తిరువూరులో మా ఇల్లు చావు కబురు విన్న ఇల్లులా ఉంది. చిన్నాన్న కొట్టు తెరవలేదు. "కాస్త తేలిగ్గా తీసుకోవాల్సింది, నేనే ఎక్కువ చెప్పానేమో" అని మొదటిసారి ఆయన గొంతు తగ్గింది. అది విన్నాక నా భయం ఇంకా పెరిగింది, ఎప్పుడూ తగ్గని మనిషి తగ్గారంటే ఏదో జరగబోతోందనే కదా! నేను ఒక సంచిలో పాప బట్టలు, మా పాస్‌పోర్టులు సర్ది తలుపు వెనక పెట్టాను. ఎక్కడికి పోదామనుకున్నానో అడక్కండి. చుట్టూ సముద్రం. నాన్న ఫోన్ తీసుకుని, "రోడ్డుంటే లారీ వేసుకుని వచ్చేవాణ్ణి తల్లీ" అన్నారు. నాన్న నోట దూరం గురించి బెంగ వినడం అదే మొదలు. ఫోన్ పెట్టేశాక ఇటు నేను ఏడ్చాను, అటు ఆయన కూడా ఏడ్చారని తర్వాత అమ్మ చెప్పింది. నానమ్మ మాత్రం, "ఇంత చేసినా ఎత్తుకుపోతే పోనీ, ఆ పిల్లకి రెండు రోజులుగా నీళ్ళు లేవు, మురికోడుతుంది. ముందు నీళ్ళు పొయ్యి. పోయేది కూడా శుభ్రంగా పోవాల" అంది. అంత భయంలోనూ నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

కాబట్టి ఆ పొద్దున నీళ్ళు పోశాను. ఆమె వచ్చేలోపు ముగించేద్దామనే మొదలుపెట్టాను. నూనె రాశాక పాప నా కాళ్ళ మీదే దొడ్డికి పోయింది, మళ్ళీ మొదటి నుంచి రుద్దాల్సి వచ్చింది. నలుగు సగంలో ఉంది. నైటీ మోకాళ్ళ దాకా ఎగదోపి ఉంది, నెత్తిన తువ్వాలు. ఫోన్లో నానమ్మ "తల గుండ్రంగా ఒత్తు, తల!" అని అరుస్తోంది. పాప ఊపిరితిత్తులు విచ్చుకున్నాయి. సూట్‌కేసులోంచి బయటికి తీసిన సాంబ్రాణి కప్పుని మా ఆయన వంటింట్లో వెలిగించి పట్టుకొస్తున్నారు. అప్పుడు మోగింది, నడవాలో పైకప్పుకి ఉన్న పొగ అలారం. దాని కూత వింటూనే పాప గొంతు ఇంకా పైకెత్తింది. నానమ్మ, "ఏందే ఆ చప్పుడు? పోలీసులా? తలుపు తియ్యబాకండి!" అని ఇంకా పైకెత్తింది. మా ఆయన కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక చేతులు కాలుతుండగానే తలుపు తీశారు, గాలి రావాలని. తలుపు అవతల సైకిలు నర్సమ్మ.

ఆమె ఏమీ అడగలేదు. హెల్మెట్ తీయకుండానే కుర్చీ లాక్కుని, ఎక్కి, అలారం నొక్కి ఆపింది. అంత పొడుగు ఊరికే పోలేదు. తర్వాత స్నానాల గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను లేవలేను, కాళ్ళ మీద పిల్ల. దాచలేను, ఒళ్ళంతా పిండి. ఇక అయిపోయిందనుకున్నాను. పాపని రెండు చేతులతో అదిమి పట్టుకుని ఆమె వంక చూశాను. నా జీవితంలో ఎవరినీ అంత భయంగా, అంత కోపంగా చూడలేదు.

ఆమె నేల మీద, తడిలోనే, గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. పాపను చూసింది, నన్ను చూసింది, పెద్దగా నిట్టూర్చింది. చాలా దూరం మోసుకొచ్చిన బరువు దించినట్టు.

"ఇదీ నేను చూడాలనుకున్నది" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె మెల్లగా చెప్పింది. కాన్పయ్యాక కొందరు తల్లులకి మనసు బరువెక్కిపోతుందట, బిడ్డను దగ్గరికి తీసుకోబుద్ధి కాదట. మొన్న మా ఇంటికి వచ్చి వెళ్ళాక ఆమెకి నిద్ర పట్టలేదట. "భారతదేశం వాళ్ళ ఇళ్ళ గురించి మాకు తెలిసింది ఒకటే. ఇంటి నిండా మనుషులుంటారు, చప్పుడుంటుంది, మసాలా వాసన ఉంటుంది, టీ తాగకుండా పంపించరు. మీ ఇంట్లో అవేమీ లేవు. నువ్వు బొమ్మలా కూర్చున్నావు. పాపేమో వానలో. నువ్వు టీ కూడా ఇవ్వకపోయేసరికి నాకు భయం వేసింది" అంది. అంటే ఆ పొద్దున ఆ గదిలో భయపడుతూ కూర్చున్నది నేనొక్కదాన్నే కాదన్నమాట! నేను వీడియోల్లో చూసిన ఆమె దేశానికి భయపడ్డాను, ఆమె ఎవరి దగ్గరో విన్న నా దేశం కనబడలేదని భయపడింది.

"ఎవరే ఆమె? ఏమంటంది? నువ్వు పిల్లను వదలబాక!" అని ఫోన్లో నానమ్మ.

నర్సమ్మ ఫోను వైపు వంగి చెయ్యి ఊపింది. నానమ్మ గబగబా కొంగు తల మీదికి లాక్కుని, పళ్ళు లేని నోటితో నవ్వేసింది. వార్తల చిన్నాన్న తల కూడా ఆ వెనకాల ఒక క్షణం కనబడి మాయమైంది. పాపకి నీళ్ళెలా పోస్తారో పూర్తిగా చూపించమంది నర్సమ్మ. చూపించాను. పొగ మాత్రం పిల్ల ఊపిరికి మంచిది కాదు, వద్దంది. ఆ మాట నానమ్మకి తెలుగులో చెబితే, "పొగ పెట్టకుండా జలుబు చేస్తే ఈమె వచ్చి ముక్కు తుడుస్తదా?" అంది. నేను ఇంగ్లీషులో "సరేనంటోంది" అని చెప్పాను.

అంతా అయ్యాక, పాపను తువ్వాల్లో చుట్టి నా ఒడిలో పెట్టుకుని కూర్చుంటే ఆమె అడిగింది, "నువ్వు నిద్రపోతున్నావా? తింటున్నావా?" అని. పాప పుట్టిన దగ్గర్నుంచి అమ్మ, నానమ్మ, చిన్నాన్న, టీచరమ్మగారు, అందరూ రోజూ అడుగుతూనే ఉన్నారు, పాలు తాగిందా, పడుకుందా, విరేచనం ఏ రంగులో ఉంది అని. నా గురించి అడిగింది పిల్లను ఎత్తుకుపోవడానికి వచ్చిన ఈమే. బాగానే ఉన్నానని చెప్పబోయాను. నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు ఆగేదాకా ఆమె నేల మీదే కూర్చుంది. తర్వాత మా ఆయన అల్లం వేసి టీ పెట్టుకొచ్చారు. ఆమె రెండోసారి కూడా అడిగి పోయించుకుంది.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. అక్కడి పని ముగిసి మా ఆయన ఇప్పుడు అనంతపురం కొండల మీద గాలిమరల దగ్గర ఉంటున్నారు, వీలైనప్పుడల్లా వస్తారు. పాప బడి కోసం నేను తిరువూరులోనే ఉన్నాను. నా భయాలు తగ్గాయని అబద్ధం చెప్పను. బడి వ్యాను తలుపు సరిగ్గా పడుతుందా లేదా, వీధి కుక్కలు, దోమలు, పుచ్చకాయ ముక్క గొంతుకి అడ్డం పడుతుందేమో... నాకు కొరత లేదు. మొన్న చిన్నాన్న ఒక వీడియో పంపారు. సైకిలు మీద పోతున్న తెల్లవాళ్ళెవరో. కింద 'మన నర్సమ్మలాగే లేదూ?' అని రాశారు. ఆ నర్సమ్మకి ఏ మాటా రాకూడదని, ఇప్పుడు ఆ దేశం గురించి కొట్టు దగ్గర ఎవరైనా తప్పుగా మాట్లాడితే ఆయన ఒప్పుకోవడం లేదట. "మనకి తెలుసయ్యా వాళ్ళ సంగతి. టీ అంటే ప్రాణం పెడతారు" అంటున్నారట. ఒక్క ముక్కలో తేల్చేయడం మాత్రం మానలేదు.

ఆ సోఫా అంచున, బొత్తాం పట్టని జీన్స్‌లో బిగుసుకుని కూర్చున్న అమ్మాయి నాకు అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. అద్దానికి అటు తన బిడ్డ, ఇటు తను. ఎవరో తీసుకుపోతారని భయపడి, ముందుగా తనే దూరంగా పెట్టుకుని, పైగా దానికి నవ్వుతోంది. నవ్వు కూడా సరిగ్గా రావడం లేదు, పిచ్చిది. ఇప్పుడు నా కూతురు నా కుడిచెయ్యి మీద తలపెట్టుకుని నిద్రపోతోంది. చెయ్యి మొత్తం తిమ్మిరెక్కింది. తీస్తే లేస్తుందేమోనని తీయడం లేదు. ఇదంతా ఎడమచేతి బొటనవేలితో ఫోన్లో కొడుతున్నాను, అక్షరాలు ఎక్కడైనా తప్పిపోతే మీరే సర్దుకుని చదువుకోండి.